నాగయ్య వెతికిన చప్పుడు

మోటారు మేస్త్రీ నాగయ్య షెడ్డుకూ నా సైకిల్ దుకాణానికీ మధ్య ఒక రేకు గోడ మాత్రమే ఉండేది. అటు సుత్తి పడితే ఇటు నా చాయ్ గ్లాసు కదిలేది. కాబట్టి కరీంనగర్‌లో ఆయన గురించి మాట్లాడే హక్కు అందరికన్నా నాకే ఎక్కువని నా నమ్మకం. మా బజారులో ఆయన గురించి నోరు పారేసుకున్న వాళ్లలో సగం మంది ఆ షెడ్డులో కాలు కూడా పెట్టలేదు.

వాళ్లు చెప్పుకున్నది ఒకటే సంగతి. యాభై తొమ్మిది ఎండాకాలంలో చొక్కారావు దొర నల్ల కారు గుంతలో పడి ముందు ఇరుసు వంగింది. కొత్తది హైదరాబాదు నుంచి రావాలంటే నెలలు పడుతుంది. అప్పట్లో ఇక్కడి మేస్త్రీలందరూ చేసే పనే నాగయ్యా చేశాడు. వంగిన ఇరుసును కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తులతో సాపు చేసి మళ్లీ బిగించాడు. అట్లా కాల్చితే ఇనుము బలం తగ్గుతుందని ఆయనకు తెలుసు. తెలిసీ చేశాడు, ఎందుకంటే దొరకు తొందర. ఆ కారు నడిపేది నాగయ్య ఒక్కగానొక్క కొడుకు రాజేశం. నిర్మల్ పోతుంటే జగిత్యాల దాటాక ఒక కల్వర్టు దగ్గర ఇరుసు రెండు ముక్కలైంది. రాజేశం అక్కడికక్కడే పోయాడు.

నాగయ్య ఏడవలేదు. దినాలు కాగానే వచ్చి షెడ్డు తలుపు తీశాడు. పలకరిస్తే "ఆఁ" అనేవాడు. గిన్నెలో ఏముంటే అది తినేవాడు. ఒకసారి కాలుతున్న పొగగొట్టానికి మోచెయ్యి ఆనింది. నేను అరిచేదాకా ఆయన చెయ్యి తియ్యలేదు. తీసి, ఎర్రబడిన తోలును ఎవరిదో అన్నట్టు చూసి, మళ్లీ పానా అందుకున్నాడు. నాకు భయమేసింది. ఏడ్చే మనిషినైతే ఏదో ఒకటి చెప్పి ఓదార్చగలను, ఈయనకు ఏం చెప్పాలో నాకు తోచేది కాదు.

దసరా పోయాక కొత్త ఇరుసు వచ్చింది. దొర కారును ఇంకో మేస్త్రీ దగ్గరికి పంపొచ్చు. పంపలేదు. నమ్మకమో, మొండితనమో, ఆయన్నే అడగాలి. నాగయ్య మూడు రోజుల్లో ఇరుసు బిగించాడు. కొత్త డ్రైవర్ హనుమండ్లు, పెద్దపల్లి దిక్కు మనిషి, బండిని మానేరు ఏటి దాకా తిప్పి తెచ్చి గుమ్మంలోనే ఆపేశాడు.

"కాకా, ముందట టక్కు టక్కుమంటుంది."

నాగయ్య ముఖంలో ఏమీ కదల్లేదు. పానా కింద పెట్టాడు.

"దొరకు చెప్పు. చప్పుడు దొరికేదాక బండి ఇయ్య. దొరక్కపోతే గీ చేతులతోని ఇంక పానా పట్ట."

ఆ మాట ఊరికే అనలేదని నాకు తెలుసు. నాగయ్య ఉత్తుత్తిగా బెదిరించే మనిషి కాదు.

నాలుగు రోజులు వెతికాడు. కమానుపట్టీలను ఇరుసుకు పట్టి ఉంచే బోల్టులు విప్పి మళ్లీ బిగించాడు. చక్రాలు ఊడదీసి బేరింగులు కడిగి, ఒక్కో గుండును వెలుతురుకు పెట్టి చూశాడు. అన్నీ కొత్త పెళ్లికూతుర్లలాగా మెరుస్తున్నాయి. బండిని తిప్పి చూస్తే మళ్లీ టక్కు టక్కు.

"గంత చిన్న చప్పుడుకు గింత పరేషానెందుకు నాగన్నా? నాలుగు దినాలు నడిస్తె అదే సర్దుకుంటది," అన్నాను.

"అప్పుడు గూడ గట్లనే అనుకున్న," అన్నాడు.

నేను నా దుకాణంలోకి వెళ్లి పంక్చరు పని అందుకున్నాను.

ఐదో రోజు పొద్దున ముందు మడ్‌గార్డు మీద బోర్లా పడుకుని, తల చక్రం పక్కకు వేలాడేసి, హనుమండ్లును మెల్లగా నడపమన్నాడు. పడిపోకుండా ఆయన నడుం పట్టుకుని పక్కన నడవడం నా పని. బజారంతా నిలబడి చూసింది. డాంబరు రోడ్డు మీద చప్పుడు లేదు. గతుకుల మొరం రోడ్డెక్కగానే మొదలైంది.

ఆయన దిగి చేత్తో చక్రాన్ని తట్టాడు. తర్వాత ఒక్కొక్క మాటే చెప్పాడు. బేరింగుదైతే చక్రం తిరిగినప్పుడల్లా కొట్టాలి, డాంబరు మీద కూడా కొట్టాలి. స్టీరింగు దగ్గర వదులైతే మలుపులో కొట్టాలి. ఇది బండి ఎత్తెత్తి వేస్తేనే కొడుతోంది.

"బిగించింది కాదు. ఏదో యాలాడుతుంది," అన్నాడు.

ఇన్నాళ్లూ తన చేతులతో బిగించినవే వెతికాడు మరి. తప్పంటూ ఉంటే అక్కడే ఉండాలని ముందే తీర్పు చెప్పుకున్నాడు.

షెడ్డుకు తెచ్చాక ఆయన బండి కిందికి దూరాడు. నేనూ హనుమండ్లూ ముందు బంపరు పట్టుకుని ఊపాం. టక్కు. ఇంకోసారి ఊపాం. టక్కు. ఆ తర్వాత ఊపితే చప్పుడు రాలేదు. ఆయన బయటికీ రాలేదు.

"దొరికిందా కాకా?"

కాసేపటికి వచ్చి గుప్పిట తెరిచాడు. నల్లదారం, దానికి రాగి తాయెత్తు. గ్రీసు పట్టి నల్లగా ఉంది. రెండు చక్రాలనూ కలిపే కడ్డీకి వెనుకవైపు, చెయ్యి పెట్టి తడిమితే తప్ప తెలియని చోట కట్టి ఉందట. బండి ఎగిరినప్పుడల్లా పోయి ఇరుసుకు కొట్టుకుంటోంది.

రోజూ ఆ వేళకే ఆయన భార్య ఐలవ్వ అన్నం గిన్నె పట్టుకుని వచ్చేది. ఆరోజూ వచ్చింది. ఆయన చేతిలోది చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నువ్వు గట్టినవా?"

"నేనే. ఇరుసు బిగించిన నాడే, నువ్వు చేతులు కడుక్కోను పోయినప్పుడు. ఎములాడ రాజన్న గుడి కాడికి పోయి తెచ్చిన."

"ఎందుకు?"

ఆమె హనుమండ్లు వైపు చూసింది. "గా పిల్లగానికి గూడ కన్న అవ్వ ఉన్నది."

"గది కాదు. ఎందుకు గట్టినవ్?"

ఐలవ్వ గిన్నె కింద పెట్టింది. "నువ్వు బిగించినవ్ గద. అందుకే."

బజారు మొత్తం అన్ని నెలలుగా ఆయన వెనక అన్న మాట అది. ఆమె మాత్రం అంతవరకూ అనలేదు. నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. అరక్షణం కూడా నిలవలేదు ఆ కోపం. ఏం తప్పు మాట్లాడింది కనుక?

"నాకు గూడ లేదు, ఐలవ్వా," అన్నాడు నాగయ్య. "గీ చేతుల మీద నమ్మకం."

కొడుకు పోయాక ఆయన నోట ఆ సంగతి ఇంత సూటిగా రావడం అదే మొదలు. గొంతులో ఏ మార్పూ లేదు. నన్ను సైకిల్ ట్యూబు ముక్క అడిగాడు. కత్తిరించి ఇచ్చాను. తాయెత్తు చుట్టూ ఆ రబ్బరు చుట్టాడు, ఇక చప్పుడు కాకుండా. మళ్లీ బండి కిందికి దూరి, అక్కడి నుంచే పిలిచాడు.

"ఇటు రా. నేను పట్టుకుంట. ముడి నువ్వెయ్యి."

ఐలవ్వ కొంగు నడుముకు చుట్టుకుని, మట్టిలో వెల్లకిలా పడుకుని లోపలికి జరిగింది. బయటికి నాలుగు పాదాలే కనిపిస్తున్నాయి. కళ్లనీళ్లు పెట్టుకున్నారని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది కానీ, నాకు ఏ చప్పుడూ వినబడలేదు. కదలిక కూడా లేదు.

హనుమండ్లు ఏదో అడగబోయాడు. నేను వాడి భుజం పట్టుకుని ఇవతలికి తీసుకొచ్చాను. దారానికి ముడి వెయ్యడానికి అంతసేపు పట్టదని వాడికీ తెలుసు. నా దుకాణంలో ఇద్దరం చాయ్ తాగి, గ్లాసులు కడిగి బోర్లించాక కూడా వాళ్లు ఆ బండి కిందనే ఉన్నారు.