బాణానికీ పందికీ మధ్య నేను

మా యాంగోన్‌లో (మా ఇంట్లో ఇప్పటికీ రంగూనే) విమానాలు నిండుగా దిగుతున్న రోజులవి. ఊళ్ళో ఎవరిని చూసినా తనకొక విదేశీయుడు కావాలనేవాడు. మా చిమిండైంగ్ బజారులో నిన్నటిదాకా చేపలమ్మినవాడు ఇవాళ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గైడునంటూ బయల్దేరేవాడు. ఇంగ్లీషు నాలుగు ముక్కలొస్తే గైడు, ఆరు ముక్కలొస్తే టూర్ కంపెనీ. నాకు సినిమాలు చూసి చూసి ఇంగ్లీషు బాగానే పట్టుబడింది గానీ అణకువ మాత్రం ఏ సినిమాలోనూ దొరకలేదు. ఇరవై రెండేళ్ళ వయసులో నా దగ్గరున్న ఆస్తల్లా ‘కాదు’ అనే ఒక్క మాట. దాన్ని ఎక్కడ పడితే అక్కడ, ఎవరి మీద పడితే వారి మీద ధారాళంగా ఖర్చుపెట్టేవాణ్ణి. ఆ రోజుల్లో నన్ను భరించినవాళ్ళందరికీ ఈ సందర్భంగా నా సానుభూతి. క్షమాపణ మాత్రం కాదు.

మా చిన్నమావయ్యది ఆరు ముక్కల కేసు. ఆయన తాత బియ్యం బస్తాలు మొయ్యడానికి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి సేక్కాన్ రేవులో దిగాడు. మావయ్య అదే రేవులో గుమాస్తాగా కొన్నాళ్ళు కూర్చుని, కూర్చోవడం నచ్చక, ఒక పాత వ్యాను కొని దాని వెనకద్దం మీద పులిబొమ్మ అంటించాడు. పులెందుకు మావయ్యా అంటే, అడవి టూర్లు కదరా అన్నాడు. మావయ్య అప్పటిదాకా చూసిన అడవి గోడ కేలండర్లోది. అలాంటి మనిషికి ఒకరోజు ఆస్ట్రేలియా నుంచి సందేశం వచ్చింది. మొగుడూ పెళ్ళాలట. తమ దేశంలో మనుషులుండని ఎండు బయళ్ళలో రోజుల తరబడి తిరిగి, విల్లుతో అడవిపందుల్ని వేటాడతారట. అలాంటిదే బర్మాలో కావాలట. మావయ్య సందేశం సగం చదివి ‘ఎస్’ అని జవాబిచ్చేశాడు. మిగతా సగం తన గైడునైన నాచేత చదివించుకున్నాడు.

“బాణాల్తో వేటేంటి మావయ్యా, ఈ కాలంలో?” అన్నాను.

“ఎవుడి పిచ్చి ఆడికానందం. మనకేటి? ఊరోళ్ళని అడిగీసినాను, వెదురు తోపులో పందులున్నాయన్నారు. ఆల్లేటడిగినా నువ్వు ‘ఎస్’ అను. ఇంకో ముక్క మాటాడితే వేన్లోంచి దింపెస్తాను.”

వాళ్ళు దిగారు. విమానాశ్రయంలో వాళ్ళ పెట్టె తెరిచిన ఉద్యోగి, లోపల తీగలూ కప్పీలూ చూసి ఇదేం వాయిద్యం అని అడిగాడట (మా బర్మా వీణ కూడా విల్లులాగే వంగి ఉంటుంది, పాపం ఆయన తప్పేం లేదు). మొగుడికి ఎర్రగడ్డం. మాట్లాడేదంతా ఆయనే. పెళ్ళాం పొడుగ్గా, మచ్చల ముఖంతో, నోరు విప్పకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. అసలు విలుకత్తె ఆవిడేనని నాకు తర్వాతగానీ తెలియలేదు. పందికి ముక్కు మహా చురుకు కాబట్టి వేట రోజున ఎవరూ సబ్బూ అత్తరూ వాడొద్దని ముందుగానే రాశారు. ఆ నియమాన్ని గౌరవించి మావయ్య ఆ రోజు సంపెంగ నూనె ఒక్కటే రాసుకొచ్చాడు. తన్లిన్ వంతెన దాటాక నూనె కర్మాగారం గొట్టాలు కనబడగానే ఎర్రగడ్డం “ఇదేనా అడవి?” అన్నాడు. మావయ్య వెనక్కి తిరిగి “బిగినింగ్, సార్!” అన్నాడు.

ఇంకా చాలా దూరం పోయాక, రబ్బరు తోటలూ దాటాక, వెదురు తోపుకి ఆనుకుని ఒక పల్లె వచ్చింది. మాకు దారి చూపించాల్సిన మనిషి అక్కడే ఉన్నాడు. ఒక్కచోట నిలబడక నాలుగు దిక్కులూ చూస్తుండే అతనికి నేను అప్పటికప్పుడే ముంగిస అని పేరు పెట్టుకున్నాను. అతను మమ్మల్ని ముందు ఒక ముసలామె ఇంటికి తీసుకెళ్ళాడు. ఊరంతా ఆమెని ఫ్వాఫ్వా అనే పిలుస్తారు, బర్మా మాటలో అమ్మమ్మ అని. ఫ్వాఫ్వా మాకు వేడి టీనీళ్ళు పోస్తుంటే ఎర్రగడ్డం జేబులోంచి చిన్న సీసా తీసి గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి తెల్లపొడి పుస్సుమని ఎగజిమ్మాడు. వేటగాళ్ళ పద్ధతట. ఫ్వాఫ్వా మాత్రం చాలా బాధపడింది. మా దేశంలో ఆడామగా అందరూ చెట్టుబెరడు గంధంలా అరగదీసి ముఖానికి పూసుకుంటారు, థనఖా అంటారు. ఆమె అదే అనుకుంది. “అంత మంచి థనఖా గాల్లో పారబోస్తాడేం నాయనా? ముఖం చూస్తే ఎండకి అలా ఎర్రగా కాలిపోయుంది!” అంది. నేను దీన్ని అనువదించలేదు.

ఆమె దగ్గర థనఖాకి కొదవలేదనడానికి పెరట్లో సాక్ష్యం ఉంది. నల్లటి బిరుసు వెంట్రుకల పంది, బల్లంత వీపు, చూపు చూస్తే రౌడీది. దాని రెండు చెవులకీ పసుపచ్చటి పూత. ఎండకి చెవులు పేలకుండా ఆమే రోజూ రాస్తుందట. “మనవడికి షిన్‌ప్యూ చెయ్యాలి. దీని మీదే నా ఆశంతా” అంది. (షిన్‌ప్యూ అంటే మగపిల్లల్ని రాజకుమారుడిలా అలంకరించి, ఊరేగించి, కొన్నాళ్ళు భిక్షువుగా మఠంలో ఉంచే వేడుక. బౌద్ధుల ఇళ్ళలో దాని కోసం ఏళ్ళ తరబడి కూడబెడతారు.) ఆమె విల్లు పెట్టె వైపు ఒకసారి, పంది వైపు ఒకసారి చూసి, “ఇది కట్టేస్తే ఉండదు నాయనా, ఊరంతా తిరుగుతుంది. మీవాళ్ళకి చెబుతావా?” అంది. “నేనున్నాను కదా ఫ్వాఫ్వా, దాని జోలికి ఎవర్నీ రానివ్వను” అన్నాను. టీ తాగినంత తేలిగ్గా అన్నాను. ఇరవై రెండేళ్ళవాడికి మాట ఇవ్వడం, ఈల వెయ్యడం ఒకటే పని.

ఇక అసలు కథ. తోపులోకి వెళ్ళే దారి మొదట్లో, వెదురు గుంజ మీద పిట్టగూడంత చెక్కగుడి ఉంది. ఆ తోపుని ఏలే నాట్‌ది, అంటే అక్కడి దేవుడిది. లోపలికి పోయేముందు అరటిపళ్ళూ కొబ్బరికాయా పెట్టి దణ్ణం పెట్టాలి. కాయ నిండుగా ఉండాలి, తొడిమ కూడా ఊడకూడదు, నిలువుగా పెట్టాలి. ఇది మావయ్యకి తెలియదా అంటే, పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే, వాళ్ళింటి ముందరి బర్మా కుటుంబం గుమ్మంలో అలాంటి కాయ చిన్నప్పట్నించీ వేలాడుతూనే ఉంది. కానీ పొద్దుట్నించీ ఎర్రగడ్డం “పంది గ్యారంటీయేనా?” అని అడుగుతూ మావయ్యని నమిలేశాడు. భయమేసినప్పుడు మనిషి వాళ్ళమ్మ నేర్పిందే చేస్తాడు. ముంగిస భక్తిగా అందించిన కాయని మావయ్య రెండు చేతులా అందుకుని, కళ్ళు మూసుకుని, “తల్లీ, పైడితల్లీ!” అంటూ గుడి కిందున్న రాతికేసి ఫట్టుమని కొట్టాడు.

కొబ్బరినీళ్ళు రాతిమీంచి కారాయి. ముంగిస మొట్టమొదటిసారి ఒకే దిక్కుకి చూశాడు.

“కాయంటే తల, దాన్ని స్వామి ముందే పగలగొట్టావు. ఇవాళ లోపలికి నేను రాను, మిమ్మల్ని పోనివ్వను. రేపు నిండుకాయ పెట్టి, తప్పు చెప్పుకుని, అప్పుడు వెళ్దాం” అని అతను అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

“సెయ్యి అలవాటురా! మా ఇంట్లో కొట్టకపోతే తప్పు, ఈల్లింట్లో కొడితే తప్పు! నానెక్కడ సావాలి?” అని మావయ్య నామీద పడ్డాడు, కాయ నేను కొట్టినట్టు.

ఎర్రగడ్డానికి విషయం వివరించాను. ఆయన తన గడ్డం రంగుకి వచ్చేశాడు. సముద్రాలు దాటి వచ్చింది కొబ్బరికాయ చూసి వెళ్ళడానికా, దేశమంతా చెప్తాం, ఇంటర్నెట్‌లో పెడతాం అంటూ మొదలెట్టాడు. మావయ్య మొహంలో వ్యాను, పులిబొమ్మ, కంపెనీ అన్నీ ఒక్కొక్కటే మునిగిపోతున్నాయి. సరిగ్గా అప్పుడు పక్క పొదలు కదిలాయి. పగిలిన కొబ్బరి వాసన పట్టుకుని ఫ్వాఫ్వా పంది బయటికొచ్చి, మాలో ఎవ్వర్నీ లెక్కచెయ్యకుండా, స్వామివారి ప్రసాదం కరకరా నమలడం మొదలెట్టింది. మావయ్య మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు దేనికో నాకు వెంటనే తెలిసిపోయింది.

“ఒరే, బేగి సెప్పరా ఆల్లకి. అడివి పందని సెప్పు.”

“చెప్పను మావయ్యా. ఫ్వాఫ్వాది అది.”

“దాని మొహం సూడు, అడివిదాన్లాగే లేదేటి? ముసిల్దానికి తరవాత నాను సెప్పుకుంటాను. ముందు నువ్వు సెప్పు! గైడువి కాదేటి?”

“గైడునే. అందుకే చెప్పట్లేదు.”

నన్ను నమ్ముకుని లాభంలేదని ఆయనే గొంతు సవరించుకుని, “వైల్డ్, మేడమ్! వెరీ వైల్డ్!” అని అరిచాడు. వెరీ వైల్డ్ జంతువు తోక ఆడిస్తూ ఇంకో ముక్క అందుకుంది. ఆవిడ అప్పటికే విల్లు ఎత్తింది. కప్పీలు చప్పుడు కాకుండా తిరిగాయి, నారి చెంప దాకా వచ్చింది. అప్పుడు నేను నడిచి వెళ్ళి ఆ పందికి ముందు నిలబడ్డాను. వీరత్వం అనుకునేరు, కాదు. కాళ్ళు నన్నడక్కుండా వెళ్ళాయి. వెళ్ళాక వెనక్కి రమ్మంటే మాత్రం రాలేదు, ఎందుకంటే అక్కడ నిలబడగానే నాకు వెనక్కి రావాలనిపించలేదు. ఆ బాణం మొనకి మూడు పదునైన రేకులున్నాయి. నా కన్నా శుభ్రంగా ఉంది.

ఆవిడ వెంటనే విల్లు దించేసింది. ఎర్రగడ్డం దించలేదు, గొంతు. పక్కకి జరుగు, డబ్బు కట్టి వచ్చాం, ఇది మీ పని కాదు అన్నాడు. మావయ్య “తప్పుకోరా సన్నాసీ, మీయమ్మకేటి సెప్పుకోను!” అన్నాడు. నేను ఇంగ్లీషులో, వీలైనంత నెమ్మదిగా, “ఇది ఈ ఊళ్ళో ఒక పెద్దావిడ పంది. మీరు పొద్దున్న ఆమె ఇంట్లో టీ తాగారు. దీని జోలికి ఎవర్నీ రానివ్వనని ఆమెకి మాటిచ్చాను. ఆమె వచ్చి కొట్టుకోండంటే జరుగుతాను. అప్పటిదాకా కొట్టాలంటే నన్ను కొట్టాలి. నన్ను వేటాడటానికి మా మావయ్య ఇంకా టికెట్టు పెట్టలేదు” అన్నాను. గొప్పగా ఉంది కదా? నాకూ అలాగే అనిపించింది, వెనకనుంచి పంది మోకాళ్ళలో గుద్దేదాకా. నేను ప్రాణానికి తెగించి నిలబడింది సరిగ్గా ఒక కొబ్బరిచిప్ప మీద. దానికి నా త్యాగంతో పనిలేదు, ఆ చిప్ప కావాలి. మళ్ళీ గుద్దింది. నేను జరగలేదు. ఆ రోజు నాతో మొండితనంలో సమానంగా నిలిచింది అదొక్కటే.

ఆవిడ విల్లు నేలమీద పెట్టి దగ్గరికొచ్చి, వంగి, పంది చెవి పట్టుకుని చూసింది. వేళ్ళకి అంటుకున్న పసుపచ్చటి పూతని మొగుడికి చూపించింది. తర్వాత నవ్వడం మొదలెట్టింది. అంతసేపూ దాచుకున్న మాటలన్నీ నవ్వైపోయినట్టు నవ్వింది. ఆలోగా ఎవరో కబురిస్తే ఫ్వాఫ్వా ఆయాసపడుతూ వచ్చింది. ముందు పందిని తిట్టింది, దేవుడి కాయ తిన్నందుకు. తర్వాత మావయ్య వైపు తిరిగి, “ఇంత పెద్ద మనిషివి, నోరులేనిదాని ముందు అబద్ధమాడతావా?” అంది. మావయ్య వంగి రాతి మీది కొబ్బరిపీచు ఏరడం మొదలెట్టాడు. ఫ్వాఫ్వా నా భుజం మీద చెయ్యేసి, కాలితో నన్ను పక్కకి నెట్టి, ఆ చిప్ప తీసి పందికి పెట్టింది.

మర్నాటి దాకా ఆగి నిండుకాయ పెట్టడానికి ఎర్రగడ్డం ఒప్పుకోలేదు. ఆవిడ మాత్రం సాయంత్రం దాకా అరటిబోదెలకి గురిపెట్టి బాణాలేసింది, ఊరంతా చుట్టూ చేరి చప్పట్లు కొట్టింది. తిరుగుదారిలో తన్లిన్ బజారు దగ్గర మావయ్య వ్యాను ఆపి, ముందుకే చూస్తూ, “దిగు” అన్నాడు. “రేపట్నించీ రావద్దా, ఇవాళ్టి నించేనా?” అన్నాను. “దిగరా!” అన్నాడు. దిగాను. చీకటిపడేలోగా బస్సు దొరికింది, సీటు దొరకలేదు. వంతెన మీద నిలబడి ఊగుతూ వస్తుంటే నాకు నవ్వొచ్చింది. మావయ్య ఆ తర్వాత అడవులు మానేసి పగోడా టూర్లు పెట్టుకున్నాడు. అక్కడ బాణాలేసేవాళ్ళు తక్కువ.

కొన్ని నెలలకి ముంగిస ఫోన్ చేశాడు, ఫ్వాఫ్వా మనవడి షిన్‌ప్యూకి రమ్మని. వెళ్ళాను. ఆ పిల్లాడు జరీబట్టల్లో, గుర్రం మీద, గొడుగు కింద, ముక్కు తుడుచుకుంటూ మహారాజులా వస్తున్నాడు. నేను పెరట్లోకి తొంగిచూశాను. ఖాళీగా ఉంది.

“పందేది ఫ్వాఫ్వా?”

“అమ్మేశాను నాయనా. కసాయివాడితో పొద్దుట్నించి మధ్యాహ్నం దాకా బేరమాడాను. లేకపోతే ఈ గుర్రమెక్కడిది, ఈ మేళమెక్కడిది?” అని నా మొహం చూసి పడీపడీ నవ్వింది. నా విస్తట్లో ఇంకో గరిటె కూర వేసింది. కోడికూరే, అడిగి తెలుసుకున్నాను.

ఈ కథ విన్నవాళ్ళంతా, మరి నువ్వు చేసిందేమిట్రా, అదెలాగూ చచ్చింది కదా అంటారు. చచ్చింది. అయితే ఆమె పంది ఆమె అనుకున్న రోజున, ఆమె ఒప్పుకున్న ధరకి, ఆమె చేతి తవుడు తిని వెళ్ళింది. అందులో నాకూ ఒక పూట వాటా ఉంది, ఎవరేమన్నా వదులుకోను. ఇప్పుడు నేను సేక్కాన్‌లో ఒక ఓడసరుకుల ఆఫీసులో పనిచేస్తున్నాను. పొద్దున్న తొమ్మిది నించి సాయంత్రం దాకా ఫోన్లో “తప్పకుండా సార్, అలాగే సార్” అంటాను, జీతం వేళకి వస్తుంది. ఒక్కొక్కసారి లైను కలిసేదాకా చెవికి ఫోను ఆనించుకుని కూర్చున్నప్పుడు, ఆ ఇరవై రెండేళ్ళవాడు గుర్తొస్తాడు. ఎదురైతే వాడికి నచ్చజెప్పాలనుంటుంది: ఒరే, అదే మాట కాస్త పక్కన నిలబడి కూడా చెప్పొచ్చు కదరా అని. వాడు వినడని నాకు తెలుసు. వింటే నాకు వాడి మీద ఉన్న గౌరవం పోతుంది.