అల్పపీడనానికే దురాయి

కిందటేడు కార్తీకంలో ఆ కబురు నాకు మొదట చెప్పింది మా ఆడబిడ్డ రమణమ్మ. నెల్లూరులో చేపలమ్మి వచ్చి, తట్ట దించకముందే, "వదినా, అల్పపీడనమంట. బజార్లో అనుకుంటా ఉండారు" అంది.

తోటపల్లి గూడూరు తీరంలోని మా ఊరి చేపల రేవులో, మైకులో వాతావరణ బులెటిన్ చదవడం నా ఉద్యోగం. బడికి పోని నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన మా నాయన పుణ్యం, గంగమ్మ తల్లి దయ.

వెంటనే వాతావరణ ఆఫీసుకు ఫోన్ చేశాను. పనిలో పనిగా, "తుఫాన్లు ముందుకంటే ఎక్కువైనాయా సార్?" అని అడిగాను.

"లెక్కకు ఎక్కువయ్యాయని గట్టిగా చెప్పలేమమ్మా. కానీ సముద్రం వేడెక్కింది. వచ్చినవి బలంగా వస్తున్నాయి, తొందరగా ముదురుతున్నాయి. ఇదీ అట్లాంటిదే కావచ్చు, పడవల్ని ఆపండి" అన్నారాయన. ఒక్క రోజులోనే గాలి వేగం అమాంతం పెరిగిపోవడాన్ని ర్యాపిడ్ ఇంటెన్సిఫికేషన్ అంటారట.

మైకులో చదివాను. ఎవరూ ఆగలేదు. నీళ్లు నెమ్మదిగా ఉన్నాయి, వంజరం చేప బాగా పడుతోంది. అల్పపీడనం ముదిరి తుఫానయ్యే లోపల వేట ముగించుకుని రావచ్చని మావాళ్ల పాత నమ్మకం. పడవల్లోకి ఐసు ఎక్కిస్తూనే, "అక్కకు మైకు పూనింది రోయ్!" అని నవ్వారు.

ఊళ్లో తగవులు తీర్చే పెద్దకాపు పోలయ్య మామ దగ్గరికి పోయాను. కాపు దురాయి వేశాడంటే ఊరంతటికీ కట్టడి, ఎవరూ దాటరు. అయితే అది తగాదాలకు వేసేదే గానీ గాలికి వేసిన వాళ్లు లేరు.

"దురాయి వెయ్యి మామా."

"అల్పపీడనానికా? పిచ్చి పట్టిందా మ్మే నీకు? రేపు గాలి రాకపోతే, ఇంక నా మాట కుక్కయినా ఇంటదా?"

"వస్తే?"

ఆయన నేరుగా పోయి, సొంత కొడుకుల పడవలోని ఐసును ఇసుకలో పారబోశాడు. "దురాయి! ఎవురూ పోగాకండి!"

"నాయనా, నీకూ పూనిందా?" అని పెద్దకొడుకు అరిచాడు.

పడవల్ని సరుగుడు తోపులోకి లాగి మోకులతో కట్టారు. మర్నాడంతా ఎండ కాసింది. ఊరు ఊరంతా మామను దెప్పింది. ఆయన ఇల్లు కదల్లేదు, దురాయీ ఎత్తలేదు. ఆ తర్వాతి తెల్లవారుజామున వచ్చిపడింది తుఫాను. ఇళ్ల కప్పులు పోయాయి, సరుగుళ్లు విరిగాయి. మనిషి మాత్రం ఒక్కడూ పోలేదు.

ఆ బులెటిన్ చదివిన గొంతు నాదని గర్వంగానే చెప్పుకుంటాను. తుఫాను ముదిరే తీరు మారితే, మనం కదిలే తీరూ మారాలని అప్పుడే తెలిసింది. ఇప్పుడు మా ఊళ్లో అల్పపీడనానికే దురాయి.

గాలి వస్తుందో రాదో తెలియని ఆ ఎండపొద్దంతా నలుగురిలో నవ్వులపాలై కూడా మాట మీద నిలబడ్డాడు మా పోలయ్య మామ. దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు ఆయన చల్లగా ఉండాలని ఒక్కసారి కోరుకోండి.