కంకర కుప్ప మీద కొట్లాట

నా ఎడమచేతి చిటికెనవేలు వంకర. ముప్పై ఎడ్లబండ్లను ఒంటిచేత్తో, ఒక్క మోకుతో ఆపినప్పుడు విరిగిందది. శ్రీకాకుళంలో మా బజారువీధిలో, అరవై ఏడులోనో ఎనిమిదిలోనో జరిగిన ఘనకార్యం. పెళ్లిపందిళ్లలో చెప్పాను, రైళ్లలో చెప్పాను, ఒకసారి పన్ను పీకే డాక్టరుకి నోరు తెరిచే ముందు కూడా చెప్పాను. ఎవరూ అడ్డు రాలేదు.

ఇప్పుడు రాస్తున్నాను గనక కాస్త తగ్గిస్తాను. నోటిమాటైతే గాలికి పోతుంది, రాత పోదు.

అప్పట్లో మాది వీధి కాదు, గోతుల వరస. కోటబొమ్మాళి వైపు నుంచి ధాన్యం బస్తాలతో వచ్చే బండ్ల ఇనప పట్టాలు రోడ్డును కోసి పారేసేవి. ఏటా మునిసిపాలిటీ గోతుల్లో ఎర్రమట్టి పోసేది. మొదటి వానకి ఆ మట్టి మా కొట్లలోకి వచ్చేసేది. చివరికి వాళ్లొక మాట చెప్పారు. మొత్తం తవ్వి గట్టిగా కంకర రోడ్డు వేస్తాం, ఖర్చులో మూడోవంతు వీధివాళ్లు పెట్టుకోండి, ఆ తర్వాత కూడా ఏటేటా మరమ్మతుకి కొట్టు ముఖం ఎన్ని అడుగులుంటే అంత లెక్కన ఇవ్వండి అని. మాది బెల్లం కొట్టు. వీధిలో అందరికంటే వెడల్పు. ముందురోజు దాకా ఆ వెడల్పు చూసి మీసం దువ్విన మా నాన్న, ఆ రోజు నుంచి కొట్టు చాలా ఇరుకనడం మొదలుపెట్టాడు.

"రోడ్డు పాడుసేసింది బండోళ్లు. డబ్బులు మనమిచ్చీదేటి?" అన్నాడు.

కొట్లవాళ్లందరికీ ఆ మాట తీయగా దిగింది. మునిసిపాలిటీని అడగలేదు, కాగితం లేదు. సంతరోజు పొద్దున్నే వీధి మొదట్లో అడ్డంగా మోకు కట్టి చక్రానికి పావలా ఆశీలు అన్నాం. మోకు నేనొక్కణ్ణే పట్టుకున్నానన్నది అబద్ధం. ఒక కొస కరెంటు స్తంభానికి ఉంది. రెండో కొస దగ్గర నాతోపాటు ఐదుగురున్నారు. వచ్చిన బండ్లు ముప్పై కావు, మూడు.

మోకుకి పదడుగుల్లో కొత్త రోడ్డు కోసం మునిసిపాలిటీ ముందుగానే కొట్టిస్తున్న కంకర కుప్ప. తాటాకు నీడన కూర్చుని ఒకామె నెలరోజులు సుత్తితో కొట్టి పోసిన కుప్ప అది. ఆమెకి రోజుకూలి లేదు. కుప్పను కొలత పెట్టెతో కొలిచాకే డబ్బు. మర్నాడే కొలత. ఆ డబ్బుతో మొగుణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లాలని, కాలిపుండు నల్లబడిపోతోందని, మా కొట్లో మంచినీళ్లు తాగుతూ మా ఆవిడతో చెప్పేది. మా ఆవిడ అప్పటికి కొత్త కోడలు.

మొదటి బండి రైతు మోకును చూసి దిగకుండానే అడిగాడు.

"ఏటిరా ఇది?"

"ఆశీలు. రోడ్డు బాగుకి."

"మా బండ్లు రాపోతే మీరు కొట్లలో ఈగలు తోలుకుంటారు. ఒగ్గీ మోకు!"

"పావలా పెట్టి కదులు మావా."

"నా సెప్పు పెడతాను, సాలతాదా?"

అంటూనే ఎడ్లను అదిలించాడు. అవి మోకు మీదకి ఉరికాయి. మా అరచేతుల తోలు మోకుతోపాటు లేచిపోయింది. ఒక ఎద్దు మోకాళ్ల మీద కూలింది, బండి నొగ ఫెళ్లుమని విరిగింది, బస్తాలు పగిలి ధాన్యం గోతుల్లోకి జారింది. రైతు దూకి చర్నాకోల తిప్పాడు. మా నాన్న చెవి తమ్మె రెండుగా చీలింది. అప్పుడొక రాయి లేచింది. అంతే, అటువాళ్లూ ఇటువాళ్లూ కుప్ప మీద పడ్డారు. రాయి ఎముకకి తగిలితే వచ్చే చప్పుడు వేరు, చెక్కకి తగిలినట్టు ఉండదు. ఒక బండివాడు ధాన్యంలో పళ్లు ఉమ్మాడు. నూనెకొట్టాయన దవడ పక్కకి పోయింది. కిందపడ్డవాణ్ణి పైవాడు తొక్కాడు.

ఆ రాళ్లామె కుప్ప మీద బోర్లా పడుకుంది. "నా రాళ్లు ఒగ్గండిరా! రేపు కొలతరా!" అని అరుస్తోంది. ఎవరి రాయో తగిలి ఆమె నుదురు చిట్లింది. నెత్తురు కళ్లలోకి కారుతున్నా లేవలేదు. నేను ఆమె డొక్క కిందనుంచి ఒక రాయి లాగబోయాను. సుత్తి నా చిటికెనవేలి మీద దిగింది.

మోకు కాదు, ముప్పై బండ్లు కావు. ఆమె సుత్తి.

రాళ్లు అయిపోయాక కొట్లాట అయిపోయింది. తర్వాత బండ్లు మా వీధి మానేసి పక్కవీధికి మళ్లాయి. నెల తిరక్కుండా మా నాన్న, కుట్లేసిన చెవితో, అడుగుల లెక్కన డబ్బు కట్టాడు. రోడ్డు పడింది. మరమ్మతు వాటా అందరూ రెండేళ్లిచ్చి మానేశారు. గోతులు మళ్లీ వచ్చాయి.

ఒక్కటి మాత్రం గర్వంగా చెప్పుకుంటాను. ఆ సాయంత్రం విరిగిన వేలికి గుడ్డ చుట్టుకుని, కాలవల్లో, కొట్లలో, ఎడ్ల కాళ్లకింద పడ్డ ప్రతి రాయీ ఏరి కుప్ప మళ్లీ పోశాను. కొలతలో ఆమెకి ఒక్క పెట్టె తగ్గలేదు.

ఇంతవరకూ రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. చింతపండు పిక్కలు తీస్తూ విన్నది.

"నువ్వు ఏరినావా? బెల్లం బుట్టల ఎనకాల కూకుని ఓలమ్మో ఓలమ్మో అని ఏడిసినావు బావా. ఏరింది ఆవిడా నానూను. దొరికినకాడికి పోస్తే సగం పెట్టెలే తేలినాయి. ఆ సగం డబ్బుతో నాటువైద్యుడి కాడికే ఎల్లింది. పుండు ముదిరిపోయి ఆనక ఆసుపత్రిలో మొగుడి కాలు తీసీసినారు. అది రాయనేదేటి? మరి ఎవరి రాయో అని రాసినావు. నాను గడపలోనే ఉన్నాను. మొదటి రాయి నువ్వే ఇసిరినావు. బండోడికి తగల్నేదు, ఆవిడకి తగిలింది. రెండోదానికి సెయ్యెట్టినావని ఏలు ఇరగ్గొట్టింది."