దుర్గయ్య డబ్బీ, పక్కింటి మూత

దుర్గయ్య చేసిన డబ్బీకి మూత ఉండదు. ఉందంటే అది ఇంకొకరి డబ్బీది. హైదరాబాదు ఉప్పుగూడలో మా గల్లీకి కొత్తగా అద్దెకు వచ్చినవాళ్లకు నల్లా నీళ్లు ఏ వేళకు వస్తాయో చెప్పినట్టే ఈ సంగతి కూడా ముందే చెప్పేవాళ్లం.

చెబుతున్నది ఎవరో తెలియకపోతే ఎంతవరకు నమ్మాలో మీకు తెలియదు కాబట్టి నా గురించి రెండు ముక్కలు. నేను మా ఊరి బడిలో ఏడో తరగతి వరకే చదివాను, కానీ ఆ ఏడు తరగతుల్లోనూ మొదటివాణ్ణి. రైల్వేలో ఫిట్టరుగా చేరాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఫోర్‌మెన్లయ్యారు. రిటైరైన రోజు పెద్ద సారు చేతుల మీదుగా గోడ గడియారం అందుకున్నాను, అది ఇప్పటికీ నిమిషం తప్పదు. మా బస్తీ సంఘానికి రెండుసార్లు అధ్యక్షుణ్ణి. మూడోసారీ అయ్యేవాణ్ణే, ఎదురింటి రామ్‌చందర్ పోటీకి నిలబడకపోతే. నిలబడ్డాడు, గెలిచాడు. అప్పటినుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. అది వేరే సంగతి, మధ్యలో వచ్చింది.

దుర్గయ్యది గల్లీ చివర రేకుల షెడ్డు. అందులో ఒక లేత్ మిషన్, ఒక ముక్కాలి పీట. ఒకప్పుడు మంచపు కోళ్లు, అప్పడాల కర్రలు తిప్పేవాడు. ఇనుప మంచాలు వచ్చి కోళ్ల పని పోయాక తాటి గింజల మీద పడ్డాడు. జల్‌పల్లి అవతల కల్లు గీసే బావమరిది తాటిపండ్లు రాలే కాలం కాగానే బస్తాల్లో టెంకలు పంపుతాడు. దుర్గయ్య వాటిని ఏడాదిపాటు షెడ్డు మీద ఎండబెడతాడు. గాలి వీస్తే అవి రేకుల మీద దొర్లే చప్పుడుకు ఉరుములనుకుని ఆడవాళ్లు ఆరేసిన బట్టలు తీసేవారు.

టెంక పగలగొడితే లోపలి గింజ ఎముకంత గట్టిగా, వెన్న రంగులో ఉంటుంది. దాన్ని మిషన్‌కు బిగించి, తిరుగుతుండగా ఉలి ఆనిస్తే ఉప్పులాంటి పొడి రాలుతుంది. ఎర్ర లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి గీత పడుతుంది. కింద డబ్బీ, పైన మూత, రెండూ ఒకే గింజలోంచి తీస్తాడు. వేస్తే టక్‌మంటుంది. ఒక గింజ మూత ఇంకో గింజకు పట్టదు. వెంట్రుక మందం తేడా కూడా నా వేలికి తెలుస్తుంది కాబట్టి చెబుతున్నాను, అంత బిగువైన పని మా వర్క్‌షాపులో కూడా నేను తప్ప ఎవరూ చేయలేదు.

ఇంత పనివాడు ఇచ్చేటప్పుడు మాత్రం అయోమయం. మా ఇంటావిడ రుక్మిణమ్మకు కుంకుమ డబ్బీ ఇచ్చాడు, మూత ఇవ్వలేదు. కుంకుమలో చీమలు తిరుగుతున్నాయని ఆమె నన్ను తరిమింది.

"ఇయ్యలేదా అన్నా? గట్లయితే ప్రేమ్‌రాజ్‌కు పోయినట్టున్నది. జర నువ్వే పోయి తెచ్చుకో" అన్నాడు, మిషన్ మీంచి కళ్లెత్తకుండా.

కరెంటు పని చేసే ప్రేమ్‌రాజ్, మీటరు దగ్గర నేనన్న ఏదో మాటకు అలిగి, నన్ను చూస్తే ముఖం తిప్పుకునేవాడు. వెళ్లక తప్పలేదు. మూత అతని దగ్గరే ఉంది. అతని మూత గల్లీ మొదట్లో ఉండే వెస్లీ ఇంట్లో ఉందట. ఇద్దరం దుర్గయ్యను తిట్టుకుంటూ చాయ్ తాగాం. ఒకే మనిషిని తిట్టుకున్నాక ఇక మొహమాటం ఏముంటుంది, మరునాడు వచ్చి మా ఫ్యాను బాగుచేసి పోయాడు.

ఇలా సాయంత్రమైతే జనం చేతుల్లో మూతలు పట్టుకుని ఇంటింటికీ తిరిగేవారు. కొత్తవాళ్లు చందాలకు వస్తున్నారనుకుని తలుపులు వేసుకునేవారు.

అందరూ తిరిగినా రెండు గుమ్మాల మధ్య మాత్రం రాకపోకలు లేవు. రాహేలుదీ సుశీలమ్మదీ ఒకే గోడ. రాహేలు ఆసుపత్రిలో ఆయా. ఆమె డ్యూటీకి పోతే కూతురు ప్రీతి సుశీలమ్మ ఇంట్లోనే తిని, అక్కడే పెరిగింది. అలాంటిది, మేడ మీద సుశీలమ్మ ఎండబెట్టిన మిరపకాయల మీద రాహేలు తడి దుప్పటి ఆరేసింది. కాయలు బూజు పట్టాయి, దుప్పటి ఎర్రబడింది. నష్టం నాదంటే నాదని మొదలై, మాట పెరిగి, చివరికి మాటే ఆగిపోయింది.

అంతలో ప్రీతికి డానియేలు అనే అబ్బాయితో పెళ్లి కుదిరింది. రాహేలు గల్లీ అంతా కార్డులు పంచి ఆ ఒక్క గుమ్మం వదిలేసింది. ప్రీతి నా దగ్గరికి వచ్చి, "సుశీల పెద్దమ్మ రాకుంటే నేను చర్చికి పోను తాతా" అంది. ఊరికే అనే పిల్ల కాదు.

ఇలాంటి పంచాయితీలు నేను ఎన్ని తెంపలేదు. యూనియన్‌లో రెండు వర్గాలను ఒకే బల్ల మీద కూర్చోబెట్టి భోంచేయించినవాణ్ణి. ఇద్దరినీ గుమ్మాల్లోకి పిలిచి, గోడ మధ్యన నిలబడి, ఇరుగుపొరుగు గురించి చాలా బాగా మాట్లాడాను. ఇద్దరూ కొంగు కప్పుకుని మర్యాదగా విన్నారు. ముగించగానే రెండు తలుపులూ ఒకేసారి పడ్డాయి.

ఇదిలా ఉంటే, పెళ్లి ఉంగరాలు పెట్టడానికని ప్రీతి దుర్గయ్య చేత డబ్బీ చేయించుకుంది. ఎర్ర గీతల మధ్య సన్నని పచ్చ గీత, చూడముచ్చటగా ఉంది. మూత లేదు.

నాకు ఒళ్లు మండింది. పెళ్లి డబ్బీకి కూడా ఇదేనా అని, మూతతో ఉన్నది ఒకటి కొని తెద్దామని పత్తర్‌గట్టి బజారుకు వెళ్లాను. దుర్గయ్య సరుకు అమ్మేది అక్కడి వెంకటనారాయణ దుకాణంలోనే. మీకు వచ్చే మూతలు కూడా ఇలాగే మారుతుంటాయా అని అడిగితే ఆయన నన్ను వింతగా చూశాడు. అల్మారా తెరిచి చూపించాడు. వరుసలు వరుసలుగా డబ్బీలు, ప్రతిదాని మీదా దాని మూతే. దుర్గయ్య మూత మారడం తానెన్నడూ ఎరగనన్నాడు.

నేను డబ్బీ కొనలేదు. తిన్నగా షెడ్డుకు వచ్చాను.

"పత్తర్‌గట్టికి పోయే మూతలు తొవ్వ తప్పవు. మన గల్లీ మూతలే తప్పుతయా? ఏంది కథ?"

దుర్గయ్య మిషన్ ఆపాడు. అతను మిషన్ ఆపి మాట్లాడటం నేను చూడటం అదే మొదలు.

"ఆడ గిరాకులు అన్నా. ఈడ మనోళ్లు."

"ప్రీతి మూత యాడున్నది?"

"సుశీలమ్మక్క తాన. ఆమెకు డబ్బీ ఇయ్యలే, వట్టి మూతనే ఇచ్చిన."

నేనంతటివాణ్ణి చెబితే వినని వాళ్లు మూత ఇస్తే వింటారా అన్నాను. అతను చేతికంటిన పొడి దులుపుకున్నాడు.

"నువ్వు మాట చెప్తవన్నా. మాటకు మాట తయారుంటది. మూత అడుగుతే మూతనే ఇయ్యాలె, ఇంకేం ఇస్తరు? జర సబర్ పట్టు. ఎవ్వరికి చెప్పకు."

చెప్పలేదు. రుక్మిణమ్మకు తప్ప.

పెళ్లి రోజు వచ్చింది. రాహేలు వాకిట్లో ఆటోలు నిలబడ్డాయి. ప్రీతి తెల్లచీరలో సోఫాలో కూర్చుని లేవనంటోంది. ఉంగరాలు మూతలేని డబ్బీలో ఉన్నాయి. మూత ఎవరి దగ్గరుందో రాహేలుకు దుర్గయ్య ఎప్పుడో చెప్పాడు, ఆమె పళ్లు బిగబట్టి వాయిదా వేస్తూ వచ్చింది. పాస్టరు గారి ఫోను వచ్చింది. నేను ఒక మంచి మాట అందామని గొంతు సవరించుకున్నాను. దుర్గయ్య నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

రాహేలు డబ్బీ తీసుకుంది. గోడ చుట్టి వెళ్లి సుశీలమ్మ తలుపు కొట్టింది.

తలుపు వెంటనే తెరుచుకుంది. లోపల సుశీలమ్మ పట్టుచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, చేతిలో మూత పట్టుకుని నిలబడి ఉంది.

"గింతసేపా? పొద్దుగాల్నుంచి కట్టుకోని కూసున్న. పూలు గూడ వాడిపోవట్టె" అంది.

రాహేలు డబ్బీ ముందుకు చాచి, "మూత కోసం వచ్చిన అక్కా" అంది.

"మూతకే వచ్చినవా, నన్ను పిలువనీకి వచ్చినవా?"

"రెండు ఒక్కటే గదా."

సుశీలమ్మ మూత వేసింది. టక్‌మంది. ఆ చప్పుడు విని ప్రీతి తనే లేచి వచ్చి ఆటో ఎక్కింది. పెద్దవాళ్లిద్దరూ ఒకే ఆటోలో, ఆ మిరపకాయలు అసలు గుంటూరువా వరంగల్‌వా అని తగువులాడుకుంటూ చర్చి దాకా వెళ్లారు. దుర్గయ్య ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుని, ఏమీ ఎరగనివాడిలా గోళ్లలోని లక్క గీక్కుంటున్నాడు.

పోయిన వారం నాకూ ఒక వక్కపొడి డబ్బీ ఇచ్చాడు. నేను వక్కపొడి వేసుకోనని అతనికి బాగా తెలుసు. మూత లేదు. ఎవరి దగ్గరుందో నేను అడగనని ఖచ్చితంగా చెప్పాను.

"అడగకున్నా చెప్తనే అన్నా. రామ్‌చందరన్న తాన ఉన్నది" అని మిషన్ వేసుకున్నాడు.

వయసులో నేను పెద్ద. రెండుసార్లు అధ్యక్షుణ్ణి. గడియారం అందుకున్నవాణ్ణి. పద్ధతి ప్రకారం మూత పట్టుకుని ముందు అతనే రావాలి. కానీ కిటికీలోంచి చూస్తుంటే, రామ్‌చందర్ రోజూ సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎదురుగా ఇంకో కుర్చీ కూడా వేసి, వాకిట్లో కూర్చుంటున్నాడు.

ఈ సాయంత్రం ఒకసారి వెళ్లొస్తాను. మాట్లాడటానికి కాదు. ఫిట్టరు పని చేసినవాణ్ణి కదా, మూత బిగువు సరిగ్గా కుదిరిందో లేదో చూసి వద్దామని.