గోడకు కన్నం

చీరాలలో మా ఇంట్లో గుంట మగ్గానికీ వంటింటికీ మధ్య గోడలో పుచ్చకాయ పట్టేంత కన్నం ఉండేది. మా నాన్నే పొడిచాడు. ఒకసారి గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం ముందు కూర్చుంటే మళ్లీ లేవడమంటే ఆయనకు మహా బద్ధకం. టీ, మంచినీళ్లు, అమ్మతో తగాదా, అన్నీ ఆ కన్నంలోంచే నడిచేవి. దాన్ని పూడ్చమని అమ్మ ఏళ్ల తరబడి పోరుతూనే ఉంది.

మోకాళ్లు అరిగి నాన్న నేత మానేశాక, ఊళ్లో కడుతున్న చేనేత మ్యూజియానికి మగ్గం ఇచ్చేశాం. చూడ్డానికి వచ్చిన ఆర్కిటెక్టు మగ్గం కంటే గోడకే ఎక్కువ ఫొటోలు తీసుకుంది. ఎందుకో మేమూ అడగలేదు. మగ్గం వెళ్లిన రోజు నుంచీ నాన్న వంటింటి వెనక వరండాలో మంచానికి అతుక్కుపోయాడు. పలకరిస్తే ఊఁ, లేకపోతే అదీ లేదు. ఆయన నోరు మూయించాలని జన్మంతా చూసిన అమ్మే ఆ మౌనానికి హడలిపోయింది. మనిషి మాకు దక్కడేమోనని నాకూ భయం వేసింది.

మ్యూజియం తెరిచారని తెలిసి ఆయన్ని బలవంతాన ఆటో ఎక్కించాం. నేలంతా చీమకుర్తి నల్లరాయి. ముందు గోడ ఇటుకలను చీరకు నేసే గోపురం అంచులా పేర్చారు. బాగుంది, కాదనను. ఆ గోడను ఏ బీరువాలో మడతపెట్టాలో మరి. లోపల మా మగ్గం. దాని వెనక పొడవాటి గోడ, గోడ నిండా పుచ్చకాయ పట్టేంత కన్నాలు.

"ఇది ఇక్కడి నేతవారి సంప్రదాయమండీ," అని గైడు చెబుతున్నాడు. "గాలీ వెలుతురూ సమంగా రావాలని పూర్వీకులు ఎంతో ఆలోచించి పెట్టారు."

నాన్న భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"పూర్వీకులు కాదండీ, నేనే. టీ కోసం," అన్నాడు.

"టీ ఒక్కటేనా?" అంది వెనక నుంచి అమ్మ. "కూరలో ఉప్పెక్కువైందని కంచం వెనక్కి తోసింది ఎందులోంచంట?"

"ఎక్కువైతే తొయ్యనా మరి?"

జనం మగ్గాన్ని వదిలేసి వీళ్లను చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. అంతకు పదింతలు సంతోషమూ కలిగింది.

ఇంటికి రాగానే నాన్న మళ్లీ మంచమెక్కాడు. అమ్మ కాసేపు మంచం పక్కనున్న వరండా గోడను అక్కడా ఇక్కడా తట్టి చూసింది.

"రేపు మేస్త్రీని పిలువు. దీనికవతల నా స్టవ్వే ఉంది," అంది, నా మొహం చూడకుండా.