గుమ్మం లోపలి చెప్పులు

నర్సాపురంలో రత్నమణక్క ఇంటికి ప్రార్థనకు వెళ్తే చెప్పులు బయట విడవనివ్వదు. లోపలికి తెచ్చి తలుపు వెనక పెట్టమంటుంది. దొంగల భయం కాబోలని కొత్తవాళ్లు నవ్వుకుంటారు. "అరిగిపోయిన నా చెప్పులు ఎవరెత్తుకెళ్తారండీ!" అంటారు. అక్క తనే వంగి ఆ చెప్పులు చేత్తో లోపలికి తెస్తుంది. ఈ అలవాటు రియాద్‌లో వచ్చింది. ఎలా వచ్చిందో అప్పుడు అక్కడున్న మాకే తెలుసు.

అక్కది గోదావరి లంకల్లోని ఊరు. పెళ్లయిన కొద్దికాలానికే భర్త కామెర్లతో పోతే, మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుని సౌదీ వచ్చింది. రోగిని ముట్టుకునే ముందు రెండు చేతులూ రుద్దుకుని వెచ్చబెట్టుకునేది. ఏసీ గదిలో పడుకున్న మనిషికి చల్లటి చెయ్యి తగిలితే ఉలిక్కిపడతాడని. ఆసుపత్రిలో కాంట్రాక్టు అయిపోయాక, 2005లో, ఒక జర్మనీ ఇంజినీరు ఇంట్లో ఆయన తండ్రిని చూసుకునే పనికి కుదిరింది.

ఆ పెద్దాయన పేరు ఎర్హార్ట్. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. వాళ్ల దేశంలో పేరున్న నవలాకారుడట. గోడ అరల్లో ఆయన రాసిన లావుపాటి పుస్తకాలు బారుగా ఉండేవి. వెనక అట్టల మీద ఆయన ఫొటో, ఒక్కోదాని మీద ఒక్కో వయసు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక పెరిగి పెద్దవాడై, జీవితమంతా ఆ యుద్ధం చివరి రోజుల గురించే రాశాడని కొడుకు చెప్పాడు. "అన్నీ ఒకే వీధి కథలు సిస్టర్. మేం పుట్టిన వీధి" అన్నాడు, ఎందుకో మొహం చిన్నబుచ్చుకుని.

రియాద్‌లో విదేశీయులుండే చోట్ల బాంబులు పేలిన తర్వాతి రోజులవి. తెల్లవాళ్లుండే కాంపౌండ్ల గోడలు ఎత్తు పెంచారు. గేటు దగ్గర కాంక్రీటు దిమ్మెలు పెట్టారు. ప్రతి మనిషినీ రెండుసార్లు చూసేవాళ్లు. ఆ గోడల లోపలే, ఇంటి వెనక అక్కకిచ్చిన చిన్న గదిలో, శుక్రవారం జుమ్మా వేళ మా ప్రార్థన జరిగేది. నర్సులం, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లం వెళ్లేవాళ్లం. వాక్యం చెప్పేది యిర్మీయా అన్న. రేపల్లె మనిషి, కంపెనీ బస్సు తోలేవాడు.

అక్కడ మన ప్రార్థన బయటపడితే నేరం గనక, పాటల పుస్తకాలు దిండు గలేబుల్లో దాచేవాళ్లం. పాటను గొంతులోనే అణిచి పాడేవాళ్లం. ఇన్ని జాగ్రత్తలు పడుతూ, చెప్పులు మాత్రం గుమ్మం బయట బారుగా విడిచేవాళ్లం. దేవుని సన్నిధికి చెప్పులతో పోవడం మనకు పుట్టుకతోనే లేదు. అందులో తప్పుందని ఒక్కరికీ తోచలేదు.

ఒక శుక్రవారం మాతో వచ్చిన చిట్టెమ్మ తిరిగి వెళ్లలేదు. రాజోలు దగ్గరి పిల్ల. ఆమెను వీసా మీద తెచ్చుకున్న యజమాని (అక్కడ కఫీల్ అంటారు) ఇంట్లో నిద్ర లేకుండా పని చేయించి, ఇనప గరిటె కాల్చి చేతిమీద పెట్టారు. పారిపోయి వచ్చింది. అలా పారిపోయినవాళ్ల పేరు కఫీల్ పోలీసులకు ఇచ్చేస్తాడు. దొరికితే జైలు, లేదంటే మళ్లీ ఆ ఇంటికే. ఎంబసీలో తెలిసినవాళ్ల ద్వారా దేశం దాటే ఎగ్జిట్ కాగితం వచ్చేదాకా ఆమెను దాచాలి. అక్క ఒక్కమాట కూడా అడగకుండా తన మంచం ఆమెకిచ్చి, తను కింద పడుకుంది.

రెండు రోజులు గడవకముందే చిట్టెమ్మ వణికిపోతూ చెప్పింది. "అక్కా, ఆ ముసలాయన కిటికీలోంచి ఇటే చూత్తన్నాడు. చేతిలో ఏదో పెట్టుకుని దాంతో మాటాడుతున్నాడు."

అది టేప్ రికార్డరు. చెయ్యి పడిపోయాక రాయలేక, ఆయన ఏదనుకున్నా దానికే చెప్పేవాడు. అక్కకు ఆ సంగతి తెలుసు. తెలిసినా, ఆ రోజు నుంచి దాన్ని అనుమానంగానే చూసింది.

"జర్మనీ భాషలో చెప్తే మనకేం తెలిసిద్దమ్మా?" అన్నాడు యిర్మీయా అన్న. "ఈ పిల్ల సంగతే చెప్తన్నాడేమో! ఆ టేపు ఎవరి చేతికి పోద్దో ఏందో."

గేటు దగ్గర కాపలా ఉండే కడప మనిషి అబ్దుల్ ఘనీ కూడా అక్కను ఆపాడు. "ఏమ్మా, పోయిన శుక్రవారం వచ్చినోళ్లంతా ఎల్లిపోయినారా?" అని అడిగాడు. రోజూ వేడివేడి టీ తెచ్చిచ్చే మనిషి. అక్క "ఆఁ, పోయారు బాబూ" అంది. ఎదుటివాళ్ల మొహం చూడకుండా మాట్లాడటం ఆవిడకు అదే మొదలు.

తుడిచే నెపంతో ఒకరోజు రికార్డరులోని బ్యాటరీలు తీసి గోడ గడియారంలో వేసేసింది. ఆయన మీట నొక్కాడు, పలకలేదు. గడియారం వంక చూశాడు. నెలరోజులుగా ఆగిపోయి ఉన్నది కాస్తా చక్కగా నడుస్తోంది.

"సిస్టర్, నాకు టైముతో పనిలేదు. అవి ఇలా ఇచ్చేయండి" అన్నాడు. కోపంగా కాదు. అక్క సిగ్గుతో తలొంచుకుని ఇచ్చేసింది. కోప్పడి ఉంటే బాగుండేదని మాతో అంది. మెత్తగా మాట్లాడేసరికి అనుమానం ఇంకా పెరిగింది.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. శుక్రవారం పాడేవాళ్లలో బొంగురు గొంతు ఎవరిదని అడిగాడు. "ఇప్పుడది రోజూ వినిపిస్తోందే" అన్నాడు. గిన్నెలు తోముతూ చిట్టెమ్మ కూనిరాగం తీసేది. అక్క దాన్నీ మాన్పించింది.

ఒక పొద్దున ఆయనకు గడ్డం గీస్తోంది.

"ఆ నీలం చెప్పులు ఎవరివి సిస్టర్?"

కత్తి పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "నావే సార్. స్నానానికెళ్లేటప్పుడు వేసుకుంటా."

"మీ పాదానికి చాలవు. అవి చిన్న పాదానివి. అందరూ వెళ్లాక కూడా అవి అక్కడే ఉంటున్నాయి."

అక్కకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కత్తి పళ్లెంలో పెట్టేసింది. "ఎవరికి చెప్తారు సార్? ఒక్కమాట నాకు ముందు చెప్పండి. ఆ పిల్లను ఎక్కడికైనా తీసుకుపోతా."

సగం సబ్బు నురగతోనే ఆయన చెప్పుకొచ్చాడు. యుద్ధం ఇక రేపో మాపో ఆగుతుందనగా, సైన్యం నుంచి పారిపోయి వచ్చిన ఒక కుర్రాణ్ని ఆయన తల్లి అటక మీద దాచింది. అతని బూట్లు తడిసి ముద్దయితే ఆరబెడదామని వెనక మెట్టు మీద పెట్టింది. మర్నాడు సైనికులు వచ్చి ఆ కుర్రాణ్నీ తల్లినీ పట్టుకుపోయారు. ఇద్దరూ తిరిగి రాలేదు. అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్లు.

"ఎవరో చెప్పారు. వీధిలో ఎవరో" అన్నాడు. "ఎవరో తెలియక అందరినీ అనుమానించాను. ఒక పుస్తకంలో రొట్టెలవాడు చెప్పాడని రాశాను, ఇంకోదాంట్లో పంతులు. పేర్లు మార్చినా ఊరు పోల్చుకుంది. అమ్మ పోయాక రోజూ నాకు రొట్టె పంపిన మనిషి ఆ రొట్టెలవాడే. ఆయన దుకాణం మూసేసి ఊరొదిలి పోయాడు. నాకు బహుమానాలు వచ్చాయి."

అక్క తువ్వాలుతో ఆయన చెంప తుడిచింది.

"నేను మీ గుమ్మం కేసి కావాలని చూడలేదు. కుర్చీ ఇక్కడ వేశారు కాబట్టి కనిపించింది. అంతే. మా అమ్మ మెట్టు కూడా అలాగే, దారిన పోయే పటాలం మనిషికి ఎవరికైనా కనిపించి ఉండొచ్చు. మా వీధిలో ఎవరూ చెప్పకపోయి ఉండొచ్చు. ఇన్ని పుస్తకాలు రాశాక, మీ చెప్పులు చూశాకే తోచిందది. టేపుకు చెబుతున్నది ఇదే." రెండో చెంప ఇటు తిప్పి, "చెప్పులు లోపల పెట్టుకోండి సిస్టర్" అన్నాడు.

ఆ శుక్రవారం అక్క ఈ సంగతి చెబితే యిర్మీయా అన్న పెదవి విరిచాడు. "కథలు రాసేవాడమ్మా. కథ చెప్పక ఇంకేం చెప్తాడు? నిన్ను నమ్మించి పిల్లని బయటికి రప్పించాలని చూస్తన్నాడు."

అక్క కూడా పూర్తిగా నమ్మలేదు. ప్రార్థనలో ఆయన పేరు పెట్టింది గానీ, ఏమని అడగాలో తెలియక పేరు దగ్గరే ఆగిపోయింది. అయినా ఆ రోజు మా చెప్పులన్నీ లోపలికి వచ్చాయి. గది చిన్నది. మోకరిస్తే చెప్పుల మీదే తల ఆనేది.

తర్వాతి వారం పట్టపగలు సెక్యూరిటీ అధికారి తన మనుషులను వెంటేసుకుని పనివాళ్ల గదులు చూడటానికి వచ్చాడు. ముందు నడిచింది అబ్దుల్ ఘనీ. పక్క విల్లాలో గది తలుపు తెరిపించి అక్కడ దాక్కున్న ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయిని బయటికి తెచ్చారు. అక్క పెద్దాయనకు సూప్ తాగిస్తోంది. చెంచా ఆయన నోటి ముందు ఆగిపోయింది. ఆయన ఎడమచేత్తో ఆ చెంచా పట్టుకుని, మెల్లగా తనే నోట్లో పెట్టుకున్నాడు. అటు చూడొద్దన్నట్టు, ఆయన కిటికీ వైపు తిరగలేదు.

వాళ్లు అక్క గుమ్మం ముందు ఆగారు. బయట ఒకే జత ఉంది, అక్క బయటికెళ్లేటప్పుడు వేసుకునే తెల్ల చెప్పులు. అధికారి వాటి కేసి చూసి, ఎవరుంటారని అడిగాడు. "నర్సు, ఒక్కతే. పెద్దాయన దగ్గరుంది" అన్నాడు ఘనీ. అధికారి తల ఊపి పక్కగదికి నడిచాడు.

లోపల చిట్టెమ్మ నీలం చెప్పులు గుండెకు హత్తుకుని తలుపు వెనక నిలబడి ఉంది. అక్క వెళ్లి పట్టుకుంటే కాసేపటిదాకా ఆ చెప్పులు వదల్లేదు.

ఎగ్జిట్ కాగితం చలికాలంలో వచ్చింది. యిర్మీయా అన్న బస్సు తెచ్చాడు. బయల్దేరే ముందు చిట్టెమ్మను పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లింది అక్క. అన్నాళ్లూ మొహం చూపించని పిల్ల ఆయన కాళ్లకు దండం పెట్టబోయింది. ఆయన వద్దన్నాడు. కుర్చీ గుమ్మందాకా తోయమని అడిగాడు.

చిట్టెమ్మ మెట్టు మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంది. వెలుగులో, అందరూ చూస్తుండగా. గేటు దగ్గర ఘనీ దిమ్మె పక్కకు తప్పుకుని దారిచ్చాడు. "ఆ శుక్రవారమే అనుకున్న్యా, ఒకామె తగ్గిందని. నాకెందుకులే అని ఊరకుండిపోయినా. జాగర్తగా పో తల్లీ" అన్నాడు. ఇన్నాళ్లూ ఈయన్ను కూడా అనుమానించామే అని అక్క మనసు చివుక్కుమంది.

యిర్మీయా అన్న మాత్రం బస్సెక్కుతూ అక్క చెవిలో అడిగాడు. "ఆ టేపు సంగతేందమ్మా?"

అక్క వెనక్కి చూసింది. రికార్డరు ఆయన దగ్గర లేదు, లోపల బల్ల మీదే వదిలేశాడు. పెద్దాయన ఎడమచెయ్యి కుర్చీ పిడి మీద ఉంది. నీలం చెప్పులు గేటు దాటేదాకా ఆయన వాటినే చూస్తూ ఉన్నాడు.