కృపమ్మ బీపీ

హంసలదీవి కృపమ్మకి తన బీపీ ఎందుకు దిగదో అంతుబట్టలేదు. ఎండుచేపలు మానేసింది, పచ్చడి జాడీ వైపు చూడటమే మానేసింది. అయినా మెడికల్ కాలేజీ పిల్ల సాదియా వచ్చి చేతికి పట్టీ చుట్టిన ప్రతిసారీ ఎక్కువే చూపిస్తోంది. ఆ కాలేజీలో ఒక్కో విద్యార్థికి ఊళ్లో కొన్ని కుటుంబాల మంచిచెడ్డలు అప్పగిస్తారు. అలా కృపమ్మ ఇల్లు సాదియా వంతుకొచ్చింది.

ఒకరోజు సాదియా ఫోనైనా చెయ్యకుండా బందరు నుంచి వచ్చేసింది. కృపమ్మ తీరిగ్గా అరుగు మీద వల బాగుచేసుకుంటోంది. పట్టీ చుట్టి చూస్తే బీపీ భేషుగ్గా ఉంది!

సాదియాకి అనుమానం వచ్చింది. "నేను వస్తున్నానని తెలిస్తే మీరేం చేస్తారు పెద్దమ్మా?"

"ఏం చేస్తానమ్మా? కోడి కూయకముందే లేచి ఇల్లు కడుగుతాను. రేవుకెళ్లి చందువా చేపలు బేరమాడి తెచ్చి పులుసు పెడతాను. కూర్చున్న చోటు నుంచి కదలనందుకు మీ పెదనాన్న మీద నాలుగు కేకలేస్తాను. ఆనక రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చి నీ బస్సు కోసం నిలబడతాను."

"అదీ మీ జబ్బు! ఇకనుంచి చెప్పకుండానే వస్తాను."

కృపమ్మ ముఖం కందగడ్డయింది. "వచ్చిన పిల్లకి మజ్జిగన్నం పెట్టి పంపమంటావా? చెప్పే రా. నువ్వెళ్లాక దించుకుంటాలే ఆ బీపీని!"